వారం వారం కలిసి రాసుకునే గుంపు నడపడం ఎలా: గోదారి జిల్లాల వాళ్ళ కోసం కాస్త వివరంగా

మన గోదారి జిల్లాల్లో రాసేవాళ్ళకి కొదవ లేదండి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, తణుకు, భీమవరం ఎక్కడ చూసినా నోటు పుస్తకంలో కవితలు రాసి బీరువాలో చీరల కింద దాచుకున్న ఆవిడో, రిటైరయ్యాక పద్యాలు అల్లుతున్న మాస్టారో, ఫోన్లో కథ మొదలెట్టి మూడో పేజీలో ఆపేసిన డిగ్రీ కుర్రాడో కచ్చితంగా ఉంటారు. సభలూ బానే జరుగుతాయి. లేనిదల్లా ఏంటంటే వారం వారం ఒక చోట కూర్చుని, రాసింది పైకి చదివి, విన్నవాళ్ళు తమకి నిజంగా ఏం వినపడిందో చెప్పే చోటు.

సభ వేరు, ఇది వేరు. సభలో ముఖ్య అతిథి, మైకు, శాలువా, ఆఖర్న వందన సమర్పణ ఉంటాయి, రాసినవాళ్ళకి మాత్రం రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఇక్కడ ఆ తతంగం ఏమీ ఉండకూడదు. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే, మిగతా ఏం తగ్గినా పర్లేదు గానీ చదివింది శ్రద్ధగా వినడం తగ్గితే ఆ గుంపు ఎక్కువ కాలం ఉండదు. కింద రాసిన ప్రతి దశా దాని కోసమే. మేం కోనసీమలో కలుస్తుంటాం కాబట్టి ఉదాహరణలు ఎక్కువ ఇటువైపువే ఉంటాయి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి దశ: మనుషులు

ముగ్గురు చాలు మొదలెట్టడానికి. పదిమంది పోగయ్యాక చూద్దాంలే అనుకుంటే ఏడాది గడిచిపోద్ది. ముగ్గురూ ఒకే రకం కాకుండా చూసుకోండి, అంటే ముగ్గురూ రిటైర్డ్ టీచర్లో ముగ్గురూ ఒకే కాలేజీ పిల్లలో అయితే నాలుగో మనిషి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతారు. ఒక పెద్దాయన, ఒక గృహిణి, ఒక కుర్రాడు, ఇలా ఉంటే తర్వాత వచ్చేవాళ్ళకి మన కోసం కూడా ఒక చోటుంది అనిపిస్తది.

ఎక్కడ వెతకాలి అంటే శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ గారిని అడగండి, కథల పుస్తకాలు ఎవరు తీసుకెళ్తున్నారో ఆయనకే తెలుసు. హైస్కూల్ తెలుగు టీచర్లని అడగండి. టైలరింగు చేసే ఆడవాళ్ళలో, ఆర్టీసీ కండక్టర్లలో, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్ళలో కూడా రాసేవాళ్ళుంటారు, వాళ్ళంతట వాళ్ళు బయటికి చెప్పరు, మీరే అడగాలి. అడిగేటప్పుడు "మీరు రచయితా అండీ" అనకండి, చాలామంది కాదనేస్తారు. "ఏవైనా రాసుకుంటారా అండీ, ఆదివారం మేం కొందరం కూర్చుని చదువుకుంటాం, ఊరికే వినడానికైనా రండి" అనండి చాలు.

ఎనిమిది మంది దాటితే రెండు గంటల్లో ఎవరికీ న్యాయం జరగదు. పన్నెండు మంది అయ్యారంటే రెండు గుంపులు చేసెయ్యండి, బాధపడక్కర్లేదు.

రెండో దశ: చోటు

అన్నిటికన్నా మంచిది గ్రంథాలయం. మనవైపు చాలా శాఖా గ్రంథాలయాలకి శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచి ఉంటాయి, మీ ఊర్లో టైములు ఎలా ఉన్నాయో ముందు వెళ్ళి కనుక్కోండి. చదువుకునేవాళ్ళకి ఇబ్బంది లేకుండా వెనక గదో వరండానో ఇస్తే చాలు. లైబ్రేరియన్ గారికి ఒక కాగితం రాసిచ్చి, ఎవరెవరు వస్తారో ఏ టైముకి ఖాళీ చేస్తారో చెప్తే చాలావరకు కాదనరు. అసలు ఆంధ్రాలో గ్రంథాలయోద్యమాన్ని ముందుండి నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారు తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టినాయన, అలాంటి నేల మీద గ్రంథాలయంలో నలుగురు కూర్చుని చదువుకుంటామంటే అది కొత్త కోరిక కాదు కదా.

రెండోది స్కూలు వరండా. హెడ్‌మాస్టర్ గారి అనుమతి కావాలి, వానాకాలం జల్లు కొడుతుంది, చూసుకోండి.

ఇళ్ళల్లో పెట్టుకుంటే హాయిగానే ఉంటది గానీ, ఆ ఇంటావిడ రెండు గంటలూ వంటింట్లో టీలు కాస్తూ ఉండిపోతుంది, ఆవిడే బాగా రాసే మనిషి అయినా సరే. అందుకే ఇల్లు ఆఖరి మాట. గుడి మండపంలో, చర్చి హాల్లో పెడితే కొందరు రాలేరు, వచ్చినా కొన్ని సంగతులు చదవలేరు. కులసంఘం భవనాలు అస్సలొద్దు. ఏటిగట్టు మీద కూర్చోవాలని అందరికీ ముచ్చటే, కానీ గాలికి కాగితాలు ఎగిరిపోతాయి, మెత్తగా చదివేవాళ్ళ గొంతు రెండో మనిషి దాకా రాదు, చీకటి పడితే దోమలు. ఏడాదికి ఒకసారి శీతాకాలంలో వెళ్ళండి, వారం వారం కాదు.

బస్టాండుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. లంక గ్రామాల నుంచి వచ్చేవాళ్ళుంటే వాళ్ళ ఆఖరి బస్సు ఎన్నింటికో, నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వైపు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి వచ్చేవాళ్ళుంటే పంటు ఎప్పటిదాకా తిరుగుతుందో కనుక్కుని, దాన్నిబట్టి మీటింగు ముగించే టైము పెట్టుకోండి. బండి ఉన్నవాళ్ళ సౌకర్యాన్ని బట్టి టైము పెడితే బండి లేనివాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, మూడో వారానికి మానేస్తారు.

కూర్చోవడం గుండ్రంగా. కుర్చీలుంటే అందరికీ కుర్చీలు, చాపలైతే అందరికీ చాపలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మాత్రం కుర్చీ. ఎదురుగా ఒక టేబుల్ వేసి దాని వెనక ఇద్దరు కూర్చున్నారంటే అది సభ అయిపోయినట్టే.

మూడో దశ: రోజు, టైము, మన క్యాలెండరు

ఆదివారం మధ్యాహ్నం మూడున్నర నుంచి అయిదున్నర దాకా మాకు బాగా కుదిరింది. పొద్దున్న పెడితే ఆదివారం కూరల హడావుడిలో ఆడవాళ్ళు రాలేరు, ఆరు దాటాక పెడితే బస్సుల గొడవ. మీ గుంపులో చర్చికి వెళ్ళేవాళ్ళుంటే పొద్దున్న ఎలాగూ కుదరదు.

రోజు ఒకసారి పెట్టుకున్నాక మార్చొద్దు. ఈ వారం శనివారం చేద్దామా, వచ్చే వారం సోమవారం చేద్దామా అని మొదలైతే రెండు నెలల్లో గుంపు కరిగిపోద్ది. ఇద్దరే వచ్చినా జరపండి. ఆ ఇద్దరూ చదివేదానికి ఆ రోజు బోలెడంత టైము దొరుకుద్ది.

కానీ మన నేల క్యాలెండరు తెలుసుకుని ఉండాలి. సార్వా (మొదటి పంట) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, అప్పుడు పొలం ఉన్నవాళ్ళు రారు, పొలంలో కూలికెళ్ళేవాళ్ళు అసలు రారు. వెంటనే దాళ్వా (రెండో పంట) ఊడుపులు. మాఘం, శ్రావణం పెళ్ళిళ్ళు. జులై నుంచి సెప్టెంబరు లోపు ఎప్పుడో ఒకప్పుడు వరద, కాజ్‌వేల మీదికి నీళ్ళొచ్చి లంకల వాళ్ళు ఇవతలికి రాలేరు. ఈ వారాల్లో హాజరు తగ్గిందని బెంగపడొద్దు, రాలేనివాళ్ళతో ఫోన్లో స్పీకర్ పెట్టి వినిపించండి, లేదంటే వాళ్ళు రాసింది వాయిస్ మెసేజ్‌గా పంపితే గుంపులో అందరూ కలిసి వినండి. వరద వారంలో అవతలి ఒడ్డున చిక్కుకున్న మనిషి తన గుమ్మంలో కూర్చుని చదివిన పేజీ, ఇవతల పదిమంది వింటారు, ఆ మనిషికి అది ఎంత ధైర్యమో నేను చూశాను.

సంక్రాంతి వారం మాత్రం ప్రత్యేకం. భోగి నుంచి కనుమ దాకా ఎవరూ దొరకరు, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం కదిలిపోతారు. మర్నాడు పెట్టండి. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి ఊరికొచ్చిన వాళ్ళు ఉంటారు కదా, వాళ్ళలో రాసేవాళ్ళని పిలవండి. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు రాసే ఊరికీ ఊర్లో ఉన్నవాళ్ళు రాసే ఊరికీ ఎంత తేడా ఉందో ఆ ఒక్క మధ్యాహ్నంలో తెలుస్తది.

నాలుగో దశ: రెండు గంటలు ఎలా పంచుకోవాలి

నడిపేవాళ్ళు వారానికొకరు మారాలి, ఇది రూలు. ఒకరే ఎప్పుడూ నడిపితే వాళ్ళు అధ్యక్షులైపోతారు, మిగతావాళ్ళు ప్రేక్షకులైపోతారు. ఇంకొకరు టైము చూడాలి. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే టైము అయిందండీ అని చెప్పడం చిన్నవాళ్ళకి కష్టం కాబట్టి ఫోన్లో అలారం పెట్టేసి మధ్యలో పెట్టండి, అది మోగితే ఎవరికీ కోపం రాదు.

మొదటి పది నిమిషాలు కుశల ప్రశ్నలు, టీ. పకోడీలు తెచ్చుకుంటే ఇప్పుడే తినెయ్యండి, ఒకరు చదివేటప్పుడు పొట్లం చప్పుడు చేస్తే చదివేవాళ్ళ గొంతు తడబడుద్ది.

తర్వాత పావుగంట పాత రచన ఒకటి పైకి చదవడం. మంచి వాక్యం చెవిలో పడకుండా మంచి వాక్యం రాదండి, ఇందులో దగ్గర దారి ఏమీ లేదు. జెరాక్స్ తీసి పంచేటప్పుడు కాపీరైటు చూసుకోండి, 1957 చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్ళు హక్కులు ఉంటాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు, మన పొలమూరులో పుట్టినాయన, 1961లో పోయారు కాబట్టి 2021 ఆఖరుతో ఆ గడువు అయిపోయింది, ఆయన కథలు ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు. సంభాషణ రాయడం నేర్చుకోవాలంటే ఆయన కన్నా దగ్గరి గురువు మనకి ఇంకెవరూ కనపడరు, ఎవరు మాట్లాడుతున్నారో పేరు చెప్పకుండానే మాట తీరుతో తెలిసిపోతది. బతికున్న రచయితల పుస్తకం చదవాలంటే ఒక కాపీ కొని అందరూ వంతులవారీగా చదవండి, వాట్సాప్‌లో పీడీఎఫ్ తిప్పొద్దు. రేపు మీరు పుస్తకం వేసుకున్నాక ఎవరైనా అలా తిప్పితే ఎలా ఉంటదో ఆలోచించండి.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు అక్కడికక్కడే రాయడం, దీని గురించి కింద విడిగా చెప్తాను. మిగిలిన గంటా పావు ఇంటి దగ్గర రాసుకొచ్చినవి చదవడం. వారానికి ముగ్గురు, మనిషికి పాతిక నిమిషాలు, అందులో చదవడానికి పది, మాట్లాడుకోడానికి పదిహేను. వెయ్యి మాటల కథ నింపాదిగా చదివితే దాదాపు పది నిమిషాలు పడుద్ది, అంతకన్నా పెద్దదైతే సగమే తెమ్మనండి, మిగతా సగం తర్వాతి వారం. ఎవరి వంతు ఎప్పుడో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఎప్పుడూ ముందుకొచ్చేవాళ్ళే చదవడం, బిడియపడేవాళ్ళు మిగిలిపోవడం జరగదు.

అయిదో దశ: అక్కడికక్కడే రాయడం

కొత్తవాళ్ళు దీనికి భయపడతారు గానీ గుంపుకి ప్రాణం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇక్కడ అందరూ ఒకే నిమిషంలో ఖాళీ కాగితం ముందు కూర్చుంటారు, పుస్తకాలు వేసినాయనా, నిన్న మొదలెట్టిన పిల్లా సమానం.

ఏం రాయాలో ఇవ్వడానికి బయట వెతకక్కర్లేదు, మనకి అవధానం ఉంది, అంటే సభలో నలుగురూ అడిగినవాటికి అక్కడికక్కడే పద్యం చెప్పే విద్య. తిరుపతి వెంకట కవులని పేరుపడ్డ జంట కవుల్లో చెళ్ళపిళ్ళ వారిది కడియం, దివాకర్ల వారిది భీమవరం దగ్గర యండగండి, అవధానాన్ని ఊరూరా తిప్పినవాళ్ళు మన డెల్టా వాళ్ళే. అందులో అంశాల్ని వచనానికి వాడుకోండి, మేం వాడుతున్నాం.

దత్తపది: నాలుగు మాటలిచ్చి, ఒక విషయం ఇచ్చి, ఆ నాలుగూ వచ్చేలా పావుగంటలో ఒక పేజీ. మాటలు ఒకదానికొకటి పొంతన లేనివై ఉండాలి. గొడుగు, ఆధార్ కార్డు, చేపల పులుసు, తాళం, విషయం ఏమో అన్నదమ్ముల పంపకాలు. చీటీలు చేసి డబ్బాలో వేసి తీస్తే ఎవరూ ముందే ఆలోచించుకోలేరు.

సమస్య: ఆఖరి వాక్యం ముందే ఇచ్చెయ్యడం, వినగానే ఇదేంటి ఇలా ఉంది అనిపించేది. "అత్త చచ్చిపోయిన రోజు కోడలు కొత్త చీర కట్టుకుంది" అనిస్తే, ఆ కోడలు తప్పు చేసినట్టు కాకుండా, చదివినవాళ్ళకి ఔను కట్టుకోవాల్సిందే అనిపించేలా కథ అక్కడి దాకా రావాలి. అవధానంలో పూరణ చేసేదీ ఇదే కదా, అడ్డదిడ్డంగా కనపడే పాదానికి సరైన అర్థం తెప్పించడం. కథనం నేర్పడానికి ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు తెలీదు.

నిషిద్ధం: అవధానంలో అక్షరాలు నిషేధిస్తారు, మనం మాటలు నిషేధిద్దాం. ఇది మనవైపు వాళ్ళకి మరీ అవసరం. గోదారి గలగలలు, పచ్చని పొలాలు, కొబ్బరాకుల నీడ, ఆప్యాయత, కల్మషం లేని మనుషులు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించి, ఇవి వాడకుండా మీ ఊరు గురించి రాయమనండి. మొదట్లో అందరూ గిలగిల్లాడతారు. తర్వాత బయటికొచ్చేవి చూడండి: దాళ్వా కోతలయ్యాక గాల్లో ఉండే గడ్డి కాల్చిన పొగ, రొయ్యల చెరువుల్లో రాత్రంతా తిరిగే ఏరియేటర్ల చప్పుడు, చెరువుల పక్క బావి ఉప్పగా మారి మంచినీళ్ళు కొనుక్కోవడం, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన అమ్మ వీడియో కాల్‌లో హోంవర్క్ చేయించడం. సినిమా పాటల్లో ఉండే కోనసీమ కాకుండా మనం రోజూ లేచి చూసే కోనసీమ కాగితం మీదికి రావడం అప్పుడే మొదలవుద్ది.

ఇంకొన్ని విషయాలు చెప్తాను, వాడుకోండి. ఎండాకాలం కాలవలు కట్టేశాక మీ వీధి కాలవ అడుగున ఏం కనపడింది. కొబ్బరి దింపు తీసే ఆయన చెట్టు పైనుంచి చూస్తే మీ ఇల్లు, మీ పెరడు, మీరు ఎలా కనపడతారు. వరద మీ ఇంటి ఎన్నో మెట్టు దాకా వచ్చింది, ఆ మెట్టు మీద ముందురోజు ఎవరు కూర్చున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళని 1986 ఆగస్టు వరద గురించో, 1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించో అడిగి వాళ్ళ మాటల్లోనే రాసుకురండి. ఇది మాత్రం నెమ్మదిగా అడగాలి, ఆ రాత్రి మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి, వాళ్ళకి చెప్పాలనిపించినంతే వినండి, ఫోను ముఖానికి అడ్డంగా పెట్టి రికార్డు చేయొద్దు.

రాసింది చదవడం ఇష్టం ఉన్నవాళ్ళే చదవాలి. చదవను అంటే ఎందుకు అని అడగొద్దు.

ఆరో దశ: విన్నది చెప్పడం

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

మనవైపు మర్యాద ఎక్కువ. ఎవరైనా చదవగానే "చాలా బాగుందండి, ఆయ్, మనసుకి హత్తుకుందండి" అనేస్తాం, రాసినవాళ్ళు సంతోషంగా ఇంటికెళ్తారు, తర్వాతి వారం అదే తప్పుతో ఇంకో కథ తెస్తారు. ఇంకో వైపు ఏమవుద్దంటే, ఒక పెద్దాయన మొదలెట్టి అక్షరదోషాలు, అన్వయం, వ్యాకరణం అన్నీ ఏకరువు పెడతారు, పందొమ్మిదేళ్ళ పిల్ల తలొంచుకుని వింటుంది, మళ్ళీ రాదు. ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది, దానికి కొంచెం క్రమం కావాలి.

చదవడం అయిపోగానే ఒక నిమిషం ఎవరూ మాట్లాడొద్దు. ఆ నిమిషంలో ఎవరికి వాళ్ళు మనసులో మిగిలింది రెండు ముక్కలు రాసుకోవాలి.

తర్వాత ఒక్కొక్కరూ ఆ మిగిలినదాన్ని చెప్పాలి. బాగుంది, బాలేదు ఏదీ అనకూడదు. "అత్తగారు తాళాలగుత్తి బియ్యం డబ్బాలో దాచింది, అది నాకు గుర్తుండిపోయింది" ఇంతే. రాసినవాళ్ళకి దీంట్లో ఎంత తెలుస్తదో చెప్పలేను. తను కథకి ముఖ్యం అనుకున్న ఉత్తరం సంగతి ఆరుగురిలో ఒక్కరూ ఎత్తలేదంటే, ఆ ఉత్తరం వినేవాళ్ళ దాకా రాలేదు. ఎవరూ తప్పు పట్టలేదు, అయినా తనకి తెలిసిపోయింది.

రెండోసారి వరస తిరిగేటప్పుడు వింటూ వింటూ ఎక్కడ తప్పిపోయారో చెప్పాలి. ఎక్కడ అన్నది కచ్చితంగా ఉండాలి. "కథ సాగతీతగా ఉంది" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. "పెళ్ళిచూపుల దగ్గర ముగ్గురు మాట్లాడుతున్నారు, అందులో మేనమామ ఎవరో పెళ్ళికొడుకు బాబాయి ఎవరో నాకు తెలీలేదు, అక్కడి నుంచి ఒక పేజీ నేను లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను" అంటే ఇంటికెళ్ళి సరిచేసుకోవచ్చు.

అప్పటిదాకా రాసినవాళ్ళు నోరు విప్పకూడదు. ఇదే అన్నిటికన్నా కష్టం. మా దగ్గర ఒక మాస్టారి పద్యాలు విన్నాక ఒక అమ్మాయి అంది, "మాస్టారూ, రెండో పద్యంలో రేవు చెప్పాక నాకు ఆ రేవు కనపడిందండి, మూడో పద్యంలో మాట్లాడేది ఎవరో తెలీలేదండి." ఆయన వెంటనే "కొడుకమ్మా మాట్లాడేది, తండ్రి పోయాక" అనబోయారు. ఆ రోజు నడిపే ఆవిడ నవ్వుతూనే "మాస్టారూ, మీ వంతు ఆఖర్న ఉందండి, ఇప్పుడు వినాలి మీరు" అన్నారు. ఆయన ఆగారు. తర్వాతి వారం తెచ్చిన మూడో పద్యంలో మొదటి పాదంలోనే కొడుకు ఉన్నాడు. పుస్తకం అచ్చయ్యాక పాఠకుడి పక్కన కూర్చుని మనం వివరించలేం కదండీ, కాగితం మీద ఉన్నదే వాళ్ళకి దొరికేది.

ఆఖర్న రాసినవాళ్ళు మాట్లాడాలి, సమర్థించుకోడానికి కాదు, అడగడానికి. ముందే ఒక ప్రశ్న రాసుకొస్తే మంచిది. "ముగింపు మీకు ముందే తెలిసిపోయిందా" అనో, "తండ్రి మీద కోపం వచ్చిందా, జాలి వచ్చిందా" అనో.

మాట్లాడే వరస చిన్నవాళ్ళ నుంచి పెద్దవాళ్ళకి వెళ్ళాలి. ఇది మరిచిపోవద్దు. మాస్టారు ముందు మాట్లాడితే మిగతా అందరూ ఆయన అన్నదానికి తలూపుతారు, అది గౌరవం వల్లే గానీ ఆ గౌరవం వల్ల అయిదుగురు విన్న అయిదు సంగతులు పోతాయి. పెద్దవాళ్ళకి ఇది ముందే విడిగా చెప్పండి, అర్థం చేసుకుంటారు, చాలామంది సంతోషిస్తారు కూడా.

అనకూడనివి కొన్ని. "నేనైతే ఇలా రాసేవాణ్ణి", ఎందుకంటే అది మీ కథ కాదు. "ఇది మీ ఇంట్లో జరిగిందేనా", ఇది ఒక్కసారి అడిగారంటే ఆ మనిషి మళ్ళీ నిజం రాయరు, ముఖ్యంగా ఆడవాళ్ళు. "ఇలాంటివి ఎందుకమ్మా రాయడం" అన్నది అస్సలొద్దు. విన్న కథ గది దాటి వెళ్ళకూడదు, మన ఊళ్ళు చిన్నవి, ఫలానా ఆవిడ అత్తగారి మీద కథ రాసిందట అని సాయంత్రానికల్లా వీధి చివరికి చేరిపోద్ది. ఈ మాట మొదటి రోజే అందరి చేతా ఒప్పించుకోండి, కొత్తవాళ్ళు వచ్చిన ప్రతిసారీ మళ్ళీ చెప్పండి.

భాష గురించి ఒక మాట. "ఎల్తన్నాను", "సెప్పేనుగా" అని ఎవరైనా రాసుకొస్తే దిద్దొద్దు. మత్స్యకారుల పేటలో మాట, దళితవాడలో మాట, లంకల్లో మాట, అగ్రహారంలో మాట అన్నీ ఈ డెల్టావే, ఏ ఇంటి మాట ఆ ఇంటి కథలో ఉండాలి. అక్షరదోషాలుంటే కాగితం మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఆఖర్న చేతికివ్వండి, నలుగురిలో చదవొద్దు. అలాగే పరిచయాల్లో ఇంటిపేరు, ఉద్యోగం అడగొద్దు, పేరు చాలు, వయసుతో పని లేకుండా అందరికీ గారు. ఇంటర్ చదివే పిల్లవాణ్ణి కూడా గారు అని పిలిస్తే వాడు రాసింది కూడా మనం అంతే శ్రద్ధగా వింటాం, నేను గమనించిన సంగతి ఇది.

ఎవరైనా చదువుతూ ఏడిస్తే ఆపమనొద్దు, మంచినీళ్ళిచ్చి ఆగండి. చదువుతానంటే చదవనివ్వండి, లేదంటే పక్కవాళ్ళు చదివిపెట్టండి.

ఏడో దశ: వాట్సాప్, టైపింగు, పత్రికలకి పంపడం

గ్రూపు పెట్టుకోండి గానీ కబురు కోసమే. గుడ్ మార్నింగ్ బొమ్మలు, రాజకీయాలు, ఫార్వర్డులు వద్దని మొదటి రోజే చెప్పెయ్యండి. శనివారం సాయంత్రం ఒక మెసేజ్, రేపు ఎవరు చదువుతున్నారు, ఎవరు నడుపుతున్నారు, అంతే.

రచనలు గ్రూపులో, ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. కథ గది దాటకూడదన్నది ఒక కారణం, ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు పత్రికలు కథతో పాటు హామీ పత్రం అడుగుతాయి, ఇది నా సొంతం, అనువాదమో అనుకరణో కాదు, ఇంకెక్కడా అచ్చవలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని. సోషల్ మీడియాలో పెట్టినవి కూడా అచ్చయినట్టే లెక్కేసే పత్రికలు ఉన్నాయి. అందుకని పంపే ఉద్దేశం ఉంటే ఎక్కడా పెట్టకండి, ఒక కథని ఒకసారి ఒకే పత్రికకి పంపండి, జవాబొచ్చాకే ఇంకోదానికి.

టైపింగు యూనికోడ్‌లో చెయ్యండి, ఫోన్లో జీబోర్డ్ అనే కీబోర్డు చాలు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది, నోటితో చెప్పినా రాస్తుంది. కళ్ళు సరిగ్గా కనపడని పెద్దవాళ్ళకి, బడికి వెళ్ళని వాళ్ళకి ఈ నోటితో చెప్పేది పెద్ద వరం. కథ చెప్పగలిగి రాయలేని మనుషులు మన ఊళ్ళలో ఎంతమందో, వాళ్ళు చెప్తుంటే గుంపులో ఒకరు రికార్డు చేసి రాసిపెట్టి, మళ్ళీ వాళ్ళకి చదివి వినిపించి, వాళ్ళు సరే అన్నాక, వాళ్ళ పేరుతోనే ఉంచండి. రాసిపెట్టిన చెయ్యి ఎవరిదైనా ఆ కథ చెప్పినవాళ్ళది.

ఎనిమిదో దశ: డబ్బులు

చందాలొద్దు. టీకి, జెరాక్సులకి ఒక డబ్బా పెట్టి ఎవరికి తోచింది వాళ్ళు వేసేలా చెయ్యండి, ఎవరెంత వేశారో ఎవరికీ తెలీకూడదు. స్పాన్సర్లు, శాలువాలు, ఫ్లెక్సీలు వద్దు.

తొమ్మిదో దశ: ఆర్నెల్లకి ఒక రాతపత్రిక

అచ్చు పుస్తకం ఖర్చుతో కూడిన పని, దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఆర్నెల్లకి ఒకసారి, ఒకటి ఆగస్టు 29 గిడుగు వారి జయంతికి, ఇంకోటి సంక్రాంతి తర్వాత, చేతిరాత పత్రిక ఒకటి తయారుచెయ్యండి. ఎవరి రచన వాళ్ళ చేత్తోనే తెల్లకాగితం మీద ఒకవైపే రాయాలి, ఎడమవైపు కుట్టుకి రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ వదలాలి, నల్లసిరా వాడాలి, జెరాక్స్‌లో నీలం సరిగ్గా పడదు. బొమ్మలేసే పిల్లలు ఎవరో ఒకరు దొరుకుతారు. ఎవరిది వెయ్యాలో ఎవరిది తీసెయ్యాలో ఎంపికలు పెట్టొద్దు, మనిషికి ఒక రచన, ఏది ఇవ్వాలో వాళ్ళిష్టం, కానీ గుంపులో చదివి, విని, కనీసం ఒకసారి తిరగరాసిందే అయ్యుండాలి. వరస పేర్ల అక్షరక్రమంలో.

చేత్తో రాసిన అసలు కాపీని గ్రంథాలయంలో ఇచ్చి రిజిస్టర్‌లో ఎక్కించమని అడగండి, జెరాక్స్ ప్రతులు రాసినవాళ్ళకి తలా ఒకటి. స్పైరల్ బైండింగ్ కన్నా దారంతో కుట్టిస్తే ఎక్కువ కాలం ఉంటది, స్కూలు పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు మన టౌనుల్లో ఇంకా ఉన్నారు, జూన్‌లో మాత్రం వాళ్ళకి తీరుబడి ఉండదు, ఆగస్టు సంచికకి జులై రెండో వారంలోపే కాగితాలు ఇచ్చెయ్యండి.